ఇసో మతాఎమోన్, విల్లో చెట్టు, 124 పట్లు: తెన్‌జిన్ షిన్‌యో ర్యూ ఎలా పుట్టింది?

#1 తాతామి_పన్నెండు

జూడో చరిత్ర అనగానే అందరం కానో జిగోరో, 1882, ఆయన పెట్టిన జూడో శాల కొడోకాన్ అని మొదలుపెడతాం. కానో మొదట నేర్చుకున్న జుజుత్సు (జపాన్ పాత కుస్తీ విద్య) పాఠశాల తెన్‌జిన్ షిన్‌యో ర్యూ. ర్యూ అంటే పాఠశాల. దాన్ని పెట్టినాయన గురించి తెలుగులో ఎక్కడ చూసినా రెండు వాక్యాలకు మించి లేదు. అందుకే ఈ థ్రెడ్.

మామూలుగా చెప్పే కథ ఇది. స్థాపకుడు ఇసో మతాఎమోన్ మసతారి. 1787లో ఇసే ప్రాంతంలోని మత్సుసాకలో పుట్టాడు, అసలు పేరు ఒకయామ హచిరోజి. అప్పట్లో ఆ ఊరు కీషూ సంస్థానం కింద ఉండేది, వీళ్లది ఆ కొలువు కుటుంబమే. 15వ ఏట క్యోటో వెళ్లి హితోత్సుయనగి ఒరిబె దగ్గర యోషిన్ ర్యూలో చేరాడు. ఏడేళ్ల తర్వాత గురువు పోయాడు. ఆ తర్వాత హొమ్మ జోఎమోన్ దగ్గర షిన్ నో షిందో ర్యూ, ఆరేళ్లు. పిమ్మట దేశం తిరిగి పోటీలు. కుసాత్సులో ఒక శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వందమంది రౌడీలతో కొట్లాట. చివరికి క్యోటోలోని కితానో తెన్‌మంగూ గుడిలో గాలికి ఊగే విల్లో కొమ్మల్ని చూసి కొత్త పాఠశాలకు పేరు పెట్టాడు. ఎదోలో (ఇప్పటి తోక్యో) కాంద దగ్గర ఒతమగాఇకెలో డోజో, అంటే సాధన శాల, తెరిచాడు. శిష్యులు 5,000 మంది పైమాటే అంటారు. 1863లో మరణం.

ఇందులో ఏది గట్టిగా నిలుస్తుంది, ఏది గుడి ముందు చెప్పుకునే స్థలపురాణం లాంటిది? విడదీద్దాం. ఒక్క మనవి: మీ డోజో కబుర్లు, బెల్టు కబుర్లు వేరే థ్రెడ్‌లో.

#2 ఎదో_నక్షా

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. దీని దగ్గరే సగం మంది తప్పుదారి పడతారు.

పూర్తి పేరు ఇసో మతాఎమోన్ ర్యూకన్‌సాయి మినమోతో నో మసతారి. ఇది ఒకే మనిషికున్న ఐదు పొరలు. ఇసో ఇంటిపేరు, అదీ దత్తత వల్ల వచ్చింది. ఒకయామగా పుట్టి, నడుమ కురియామ అయ్యి, ఆఖరికి ఇసో అయ్యాడు. మతాఎమోన్ వాడుక పేరు. ర్యూకన్‌సాయి కళాకారుడిగా పెట్టుకున్న పేరు, మన కవుల బిరుదుల్లాంటిది. మినమోతో వంశం పేరు. సమురాయ్‌లలో సగం మంది మేము మినమోతోలమే అనేవాళ్లు కాబట్టి దానికి బరువివ్వక్కర్లేదు. మసతారి అసలు నామం.

ఇంకో చిక్కు. "మతాఎమోన్" వారసులకూ పోయిన పేరు. తర్వాతి తరాల పెద్దలూ అదే పెట్టుకున్నారు. అందుకే "కానో ఇసో మతాఎమోన్ దగ్గర నేర్చుకున్నాడు" అని రాస్తే పాఠకుడు స్థాపకుడే అనుకుంటాడు. స్థాపకుడు పోయింది 1863లో, కానో పుట్టింది 1860లో. కానో గురువు మూడో తరం పెద్ద ఇసో మసతోమో.

పనిలో పని: ఈ "ఎమోన్" తోక రాజభవనం కుడిద్వారం కావలి పదవి నుంచి వచ్చింది. హొమ్మ జోఎమోన్‌లో ఉన్నదీ అదే. "జాఎమోన్" అయితే ఎడమ ద్వారం. ఎదో కాలానికి అవి వట్టి పేర్లే, పదవి లేదు, కావలీ లేదు.

#3 గోదారి_గట్టు

నక్షా గారూ, వయసుల లెక్క కూడా సరిచేయాలి. పాత జపాన్ లెక్కలో పుట్టగానే ఒక ఏడు, కొత్త సంవత్సరం రాగానే అందరికీ ఇంకో ఏడు. "15వ ఏట" అంటే మన లెక్కలో 13 నుంచి 14. 1787 తీసుకుంటే క్యోటో చేరింది 1801 ప్రాంతం. ఏడేళ్లు కలిపితే 1808, ఇంకో ఆరేళ్లు కలిపితే 1814. అప్పటికి వయసు 27 లోపే.

పాఠశాల స్థాపన మాత్రం ఎక్కువ చోట్ల తెంపో కాలానికి, అంటే 1830 తర్వాతకి వేస్తారు. మధ్యలో పదిహేనేళ్ల పైచిలుకు ఖాళీ ఉంది. ఆ ఖాళీలోనే దేశసంచారం, కుసాత్సు, గుడి, దత్తత, ఎదో కాపురం అన్నీ ఇరికించారు. కథలో గుడికీ డోజోకీ మధ్య ఒక రాత్రి గడిచినట్టు ఉంటుంది. లెక్కలో చూస్తే ఒక తరం గడిచింది.

#4 కొమ్మ_కొమ్మకో

కుసాత్సు అంటే వేడినీటి బుగ్గల ఊరేగా? అక్కడికి ఎందుకెళ్లాడట?

#5 ఎదో_నక్షా

కాదండీ, అందరూ పొరబడేది అక్కడే. బుగ్గల కుసాత్సు తూర్పున గున్మలో ఉంది. ఇది ఓమి కుసాత్సు, బివా సరస్సు పక్కన, ఇప్పటి షిగ. ఎదో నుంచి క్యోటో వెళ్లే రెండు పెద్ద రహదారులు, తోకాయిదో, నకసెందో, కలిసే మజిలీ ఊరు. సత్రాలు, కూలీలు, గుర్రాల వాళ్లు, జూదం. కొట్లాటకు అలాంటి కూడలి కంటే మంచి చోటు ఏముంటుంది? ఊరి వరకు కథ నమ్మదగ్గదే. "వంద" దగ్గరే నాకు అనుమానం. కథల్లో వంద అంటే "చాలామంది" అని.

#6 తాతామి_పన్నెండు

వంద సంగతి పక్కన పెట్టండి. ఆ కథ పాఠశాలలో ఎందుకు బతికిందో చూడాలి. దాని నుంచి లాగిన పాఠం ఒకటే: ఎదురుగా ఒక్కడుంటే పట్టి, తిప్పి, పడేసి, నొక్కి కూర్చోవచ్చు. చుట్టూ పదిమంది ఉంటే ఒకణ్ణి పట్టుకున్న చేతులు రెండూ ఖర్చయిపోయినట్టే. దెబ్బ, అంటే ఆతెమి, ముందు పడాలి. అప్పటి జుజుత్సు వాళ్లలో చాలామంది ఆతెమిని చిన్నచూపు చూసేవాళ్లని, ఈయన దాన్ని పైకి తెచ్చాడని ఆ పాఠశాల వాళ్లే చెప్పుకున్నారు. అంటే మేం మిగతావాళ్లకంటే ఎందులో వేరు అన్నదానికి ఈ కథ సంజాయిషీ.

#7 నీటి_విల్లో

విల్లో కథకొస్తాను. నా హ్యాండిల్ చూసి నవ్వకండి.

యోషిన్ ర్యూ వాళ్ల పుట్టుక కథ చూడండి. నాగసాకి వైద్యుడు అకియామ షిరోబెయి యోషితోకి చైనా వెళ్లి మూడు దెబ్బల విద్యలు, స్పృహ తప్పినవాణ్ణి లేపే పద్ధతులు 28 నేర్చుకొస్తాడు. విద్య మరీ కొంచెం కావడంతో శిష్యులు విసుగెత్తి వెళ్లిపోతారు. ఆయన దజాయిఫు తెన్‌మంగూ గుడిలో వంద రోజుల దీక్ష పడతాడు. మంచు కురుస్తుంటే బలమైన చెట్ల కొమ్మలు విరుగుతాయి, విల్లో మాత్రం వంగి మంచును జారవిడుస్తుంది. అది చూసి పట్లను 303కి పెంచి "విల్లో మనసు" అని పేరు పెడతాడు. అదే యోషిన్.

ఇప్పుడు ఇసో కథ పక్కన పెట్టండి. అదే చెట్టు. గుడి కూడా అదే దేవుడిది: దజాయిఫు, కితానో రెండూ తెన్‌జిన్ గుళ్లే. తల్లి పాఠశాల స్థలపురాణాన్నే పిల్ల పాఠశాల క్యోటోకి తెచ్చుకుంది. మంచు తీసేసి గాలి పెట్టారు, అంతే తేడా.

ఇంకో ముచ్చట. తెన్‌జిన్ అంటే సుగవారా నో మిచిజానే, కవి, పండితుడు. 901లో రాజధాని నుంచి దజాయిఫుకు వెళ్లగొట్టారు, 903లో అక్కడే పోయాడు. ఆయన ఆత్మశాంతి కోసం 947లో కితానో గుడి కట్టారు. ఆయన చెట్టు విల్లో కాదు, ఉమె, ప్లమ్ పువ్వు. కితానోకి జనం వెళ్లేదే ఆ పూలకి. అలాంటి గుడిలో ఇసో విల్లోని చూసి పేరు పెట్టాడంటే, ఆ విల్లో ఇసో బుర్రలో ముందే ఉందన్నమాట.

#8 ఎదో_నక్షా

నీటి విల్లో గారూ, ఆ మాటకి సాక్ష్యం నేనిస్తా. ఆయన మొదటి గురువు ఇంటిపేరు హితోత్సుయనగి. మాటకు మాట చెబితే "ఒక్క విల్లో". స్థాపకుడి కళానామం ర్యూకన్‌సాయిలో "ర్యూ"కి రాసే అక్షరం కూడా అదే విల్లో. (పాఠశాల అనే అర్థంలో వాడే ర్యూ వేరు, దానికి "ప్రవాహం" అక్షరం.) పాఠశాల పేరులోని "యో" మాత్రం విల్లోకే ఇంకో అక్షరం. చైనీయుల్లో ఒకటి కొమ్మలు వేలాడేది, ఇంకోటి నిలువుగా పెరిగేది అని తేడా చేస్తారు. గురువు పోయాక ఆయన ఇంటిపేరులోని అక్షరాన్ని శిష్యుడు తన పేరులో పెట్టుకున్నాడని నా ఊహ. ఊహే, రుజువు అనను.

#9 గోదారి_గట్టు

బావుంది. అయితే పాఠశాల పేరును విప్పుదాం. తెన్‌జిన్: గుడి. షిన్: షిన్ నో షిందో ర్యూ పేరులో మొదటి అక్షరం, "నిజం". యో: యోషిన్ ర్యూలో మొదటి అక్షరం, విల్లో. రెండు పాఠశాలల తలకాయలు తీసి అతికించి పైన దేవుణ్ణి కూర్చోబెట్టాడు.

జాగ్రత్త: యోషిన్‌లో "షిన్" అంటే మనసు. షిన్‌యోలో "షిన్" అంటే నిజం. షిందోలో "షిన్" అంటే దేవుడు. తెలుగులో మూడూ ఒకేలా రాస్తాం కాబట్టి "యోషిన్ తిరగేస్తే షిన్‌యో" అని కొందరు రాసేశారు. తప్పు.

#10 తాతామి_పన్నెండు

అసలు కీలకం ఇక్కడుంది. "రెండు పాఠశాలలు కలిపాడు" అంటే నిప్పూ నీళ్లూ కలిపినట్టు ఊహించుకుంటాం. షిన్ నో షిందో ర్యూ పెట్టిన యమమోతో తమిజాఎమోన్ హిదెహయా ఒసాకా కోటలో కావలి ఉద్యోగి, స్వయానా యోషిన్ ర్యూ శిష్యుడు. 303 పట్లు మరీ ఎక్కువని 68కి కుదించి కొత్త పేరు పెట్టాడు. కాబట్టి ఇసో కలిపింది పరాయి పాఠశాలల్ని కాదు, ఒకే ఇంటి తల్లినీ కూతుర్నీ. 303, తర్వాత 68, తర్వాత 124. ముందు వాపు, తర్వాత కోత, ఆఖరికి కొలత చూసి కుట్టడం.

నా మటుకు నాకు ఇసో గొప్పతనం కొత్త పట్టు కనిపెట్టడంలో లేదు. ఏది ముందు నేర్పాలి, ఏది తర్వాత అన్న వరస కట్టడంలో ఉంది.

#11 నీటి_విల్లో

ఆ 124 లెక్క నాకు ఎప్పుడూ తేలదు. తెహొదొకి 12, షోదాన్ ఇదోరి 10, షోదాన్ తచియాయి 10, చూదాన్ ఇదోరి 14, చూదాన్ తచియాయి 14, నాగెసుతె 20, షియాయి ఉర 24. మొత్తం 104 వస్తోంది.

#12 తాతామి_పన్నెండు

గొకుయి జోదాన్ వదిలేశారు. కూర్చుని 10, నిలబడి 10. 104కి 20 కలిపితే 124. గొకుయి అంటే లోగుట్టు. బయటి జాబితాల్లో వాటిని ఎగరేయడం మామూలే.

వరస గమనించండి. తెహొదొకి అంటే చేయి విడిపించుకోవడం. అక్కడ ఎవరినీ పడేయరు, పట్టు నుంచి బయటపడతారంతే. తర్వాత షోదాన్ (మొదటి మెట్టు) ఇదోరి, కూర్చుని చేసేవి. తర్వాత తచియాయి, నిలబడి చేసేవి. అదే జంట చూదాన్‌లో (నడిమి మెట్టు) మళ్లీ వస్తుంది, కష్టం పెరుగుతుంది. ఆపైన నాగెసుతె, విసిరి వదిలేయడాలు. ఆపైన షియాయి ఉర, అవతలివాడికీ విద్య తెలిసినప్పుడు వాడి పట్టును తిరగేసేవి. పట్టు తెలియనివాడికి తిరగేత నేర్పి లాభం లేదు, అందుకే అది అంత వెనక.

#13 కొమ్మ_కొమ్మకో

ఒక సందేహం. కూర్చుని కొట్లాడటం ఎందుకు? ఎవరు కూర్చుని కొట్లాడతారు?

#14 ఎదో_నక్షా

ఎదో ఇంట్లో ఎవరైనా. కుర్చీ లేదు, చాప మీద మోకాళ్లు మడిచి కూర్చోవడమే. పెద్ద కత్తి నడుం నుంచి తీసి పక్కన పెట్టాలి, లేదా గుమ్మంలోనే ఇవ్వాలి. చిన్న కత్తి నడుంలోనే ఉంటుంది. ఎదురుగా ఉన్నవాడు దాని మీద చెయ్యి వేస్తే మీకూ వాడికీ మధ్య ఉన్నది మూరెడు జాగా.

షోదాన్ ఇదోరి పేర్లు చదివితే గది కళ్లకు కడుతుంది. కొజిరిగాయెషి: కొజిరి అంటే ఒర చివర, దాన్ని పట్టి తిప్పడం. నుకిమి మెత్సుకె: దూసిన కత్తి మీద చూపు. కబెజొయె: గోడకి ఆనుకుని, వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడు. ఉషిరొదోరి: వెనక నుంచి పట్టినప్పుడు. సొదెగురుమ: చేతి ఉడుపు చక్రం, చొక్కా చేతి అంచుతో మెడ బిగించడం. ఆ పేరుతో బిగింపు జూడోలో ఇప్పటికీ ఉంది.

అయితే ఒక హెచ్చరిక. మొకురొకు అంటే జాబితా. పాత చుట్టల్లో చాలావరకు ఉండేవి పేర్లు మాత్రమే, పద్ధతి నోటి మాటగా నడిచేది. జాబితా ఒక్కటీ చూసి పట్టు ఇలా ఉండేది అని వీడియో తీసేవాళ్లని నమ్మకండి.

#15 చెయ్యి_వదులు

తెహొదొకి గురించి పైపైన వెళ్లిపోయారు. అందులో అందరూ చెడగొట్టేది ఒక్కటే కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ఇది ఒక్క ఈ పాఠశాలకే కాదు, మణికట్టు విడిపించుకునే ప్రతి చోటా ఇంతే.

ఎదుటివాడు తన ఎడమ చేత్తో మీ కుడి మణికట్టు పట్టాడు. వాడి పిడికిలి ఉంగరం అనుకుంటే ఆ ఉంగరానికి ఒక చోట అతుకు ఉంది, బొటనవేలి కొస మిగతా వేళ్లను తాకే చోటు. బలహీనం అదొక్కటే.

మొదట మీ అరచేతి వేళ్లు ఐదూ బాగా విప్పండి. ముంజేతి నరాలు బిగుసుకుని మణికట్టు మందమవుతుంది. రెండోది, చేతిని లాగకుండా మీ మోచేతిని పక్కటెముకలకి దగ్గరగా దించండి. మూడోది, అరడుగు ముందుకు. అవును, వెనక్కి కాదు, ముందుకు. మోచెయ్యి వాడి మోచేతి వైపు వెళ్లాలి. నాలుగోది, మణికట్టులో బొటనవేలి వైపు ఎముక అంచును ఆ అతుకుకి ఎదురుగా తిప్పి పైకి కోయండి, కొడవలి గడ్డిలో నడిచినట్టు.

చెడేది ఎక్కడ? భయపడి సూటిగా వెనక్కి లాగుతారు. అప్పుడు మీ బలం వాడి నాలుగు వేళ్ల మీద పడుతుంది, బొటనవేలి మీద కాదు. భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి ఒంటికి దూరమవుతుంది, ఇక వాడు మిమ్మల్ని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. రెండో తప్పు: విడిపించుకున్నాక ఆగిపోవడం. విడిపించిన చెయ్యి అప్పటికే వాడి ముఖం ఎదురుగా ఉంటుంది. ఆతెమి పాఠశాల అది ఊరికే వదలదు.

#16 మర్మవైద్యం

ఆతెమి అన్నారు కాబట్టి ఆయువుపట్ల పేర్లు. ఈ పాఠశాల వాళ్ల పేర్లు కవిత్వంలా ఉంటాయి. ఉతో, కాకి, కుందేలు: కాకి సూర్యుడిలో ఉంటుంది, కుందేలు చంద్రుడిలో. అంటే రెండు కళ్ల నడిమి చోటు. కసుమి, పొగమంచు: కణత. మత్సుకజె, మురసమె, పైన్ చెట్ల గాలి, జడివాన: మెడ పక్కలు. సుయిగెత్సు, నీటిలో చంద్రుడు: రొమ్ము ఎముక కింద, పొట్ట పైభాగం. త్సురిగనె, వేలాడే గంట: ఎక్కడో మీరే ఊహించుకోండి. కొడోకాన్ ఆయువుపట్ల జాబితాలో ఉతో, కసుమి, సుయిగెత్సు, త్సురిగనె అవే పేర్లతో కనిపిస్తాయి. ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

పేర్లు మార్మికమే గానీ లోపలి సంగతి మామూలు శరీరశాస్త్రం. సుయిగెత్సు మీద దెబ్బ పడితే డయాఫ్రం పట్టేసి కొన్ని క్షణాలు ఊపిరి అందదు. మెడ పక్కల్లో మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలున్నాయి.

#17 కొమ్మ_కొమ్మకో

మరి కాట్సు? స్పృహ తప్పినవాణ్ణి వీపు మీద మోకాలు పెట్టి లేపుతారే, అది పనిచేస్తుందా?

#18 మర్మవైద్యం

చరిత్రగా చూస్తే అది వీళ్ల విద్యలో సగం. చంపే పద్ధతి, లేపే పద్ధతి జంటగా నేర్పేవాళ్లు. ససోయి కాట్సులో పడినవాణ్ణి కూర్చోబెట్టి, వెనక నుంచి వెన్నుకు మోకాలు ఆనించి, రెండు చేతులతో రొమ్ము విప్పి వెనక్కి లాగుతారు. పక్కటెముకలు తెరుచుకుని గాలి లోపలికి పోతుందని ఉద్దేశం.

ఇప్పుడు చేయాల్సింది మాత్రం ఇది కాదు. మెడ బిగింపుతో సొమ్మసిల్లినవాడు పట్టు వదలగానే మామూలుగా కొన్ని సెకన్లలో తనే లేస్తాడు. కాట్సు చేసినవాడికి వచ్చే పేరు చాలావరకు ఆ సెకన్లదే. కూర్చోబెడితే మెదడుకి రక్తం తగ్గుతుంది, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తడమే మేలు. విసురులో పడి స్పృహ తప్పితే మెడ ఎముక దెబ్బతిందేమోనన్న అనుమానం ఉంటుంది, కదపనే కూడదు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి అంబులెన్స్ పిలవాలి. ఇందులో పాత పుస్తకం మాట వినొద్దు.

వీళ్లలో చాలామంది ఎముకలు కట్టే వైద్యులు కూడా. కానో మొదటి గురువు ఫుకుదా హచినోసుకె అదే వృత్తి. మన పుత్తూరు కట్టు లాగా ఇంటి విద్యే. జపాన్‌లో 1920లో ప్రభుత్వం దాన్ని జూడో పేరుతోనే చట్టబద్ధం చేసింది.

#19 పల్లవ_బాణం

ఇదంతా బోధిధర్ముడి నుంచి వచ్చిందే కదా? కంచి రాజకుమారుడు చైనా వెళ్లి నేర్పింది జపాన్ చేరింది.

#20 గోదారి_గట్టు

ఈ పాఠశాల పుట్టుక కథలో బోధిధర్ముడు లేడు బ్రదర్. ఉన్న చైనా ముక్క అకియామ వైద్యుడి ప్రయాణం ఒక్కటే. జుజుత్సు మొత్తాన్ని 1600ల్లో జపాన్ వచ్చిన చైనీయుడు చిన్ గెన్‌పిన్‌కి కట్టబెట్టే వాదం కూడా ఉంది. కానీ తకెనోఉచి ర్యూ అనే పాత జుజుత్సు పాఠశాల తన పుట్టుకను 1532 అని చెబుతుంది, చిన్ గెన్‌పిన్ పుట్టింది 1587లో. పుట్టని మనిషి నేర్పలేడు.

#21 ఎదో_నక్షా

పేర్ల గందరగోళం ఇంకొకటి తీర్చి పోతాను, మొన్న ఇంకో థ్రెడ్‌లో దీని మీదే గొడవ పడ్డారు.

షిన్ నో షిందో ర్యూ: యమమోతోది, ఇసోకి తల్లిలాంటిది. తెన్‌జిన్ షిన్‌యో ర్యూ: ఇసోది. షిందో యోషిన్ ర్యూ: 1864లో మత్సుఓక కత్సునోసుకె పెట్టింది. ఆయన తెన్‌జిన్ షిన్‌యో ర్యూ కూడా నేర్చినవాడు, కాబట్టి ఇది ఇసోకి పిల్ల వరస. వాదో ర్యూ కరాటే పెట్టిన ఒత్సుక హిరోనోరి జుజుత్సు చదివింది ఈ మూడోదాంట్లో. మన ఊళ్లలో వాదో కరాటే నేర్చేవాళ్లు "మా మూలం ఇసో" అంటే పూర్తిగా తప్పు కాదు, తాతగారి వరస. "మా మూలం షిన్ నో షిందో" అంటే మాత్రం షిందో, షిందో కలిసిపోయినట్టే.

#22 నీటి_విల్లో

ఒతమగాఇకె గురించి ఎవరూ చెప్పలేదు. కాందలో చిన్న పేట. చిబా షూసాకు పేరుమోసిన కత్తిసాము శాల గెన్‌బుకాన్ కూడా అక్కడే. 1858లో డచ్చి వైద్యం చదివిన వైద్యులు మశూచి టీకా కేంద్రం తెరిచిందీ అక్కడే. తోక్యో విశ్వవిద్యాలయం వైద్య విభాగం తన మొదలు దాన్నుంచే లెక్కపెట్టుకుంటుంది. 5,000 మంది శిష్యులు అంటే నమ్మలేం అనేవాళ్లు ఈ పేటను గుర్తుంచుకోవాలి. కత్తి నేర్చుకోవడానికి ఊళ్లనుంచి వచ్చిన కుర్రాడికి పక్క వీధిలోనే జుజుత్సు దొరికేది. ఏకకాలంలో 5,000 కాదు, జీవితం మొత్తంలో పేరు రాయించుకున్నవాళ్లు అంటే అసాధ్యమేం కాదు.

#23 చెయ్యి_వదులు

కానోకి ఇందులోంచి ఏం అందింది అన్నది కూడా తేల్చాలి. "జూడోలో విసుర్లన్నీ కితో ర్యూవి (కానో తర్వాత నేర్చుకున్న ఇంకో జుజుత్సు పాఠశాల), నేల పట్లన్నీ తెన్‌జిన్‌వి" అని గీత గీసేస్తారు.

#24 తాతామి_పన్నెండు

ఆ గీత మొద్దుగీత. కాలక్రమం చూడండి. 1877లో ఫుకుదా దగ్గర చేరాడు. 1879 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్ వచ్చినప్పుడు అసుకయామలో షిబుసావ ఎయిచి ఇంట్లో ప్రదర్శన జరిగింది, ఫుకుదా, ఇసో మసతోమో, కానో అందరూ ఉన్నారు. (షిబుసావ ఇప్పుడు 10,000 యెన్ నోటు మీద ఉన్నాయన.) ఆ నెలలోనే ఫుకుదా పోయాడు. కానో మసతోమో దగ్గరికి మారాడు. 1881లో ఆయనా పోయాడు. అప్పుడు కితో ర్యూ ఇయికుబో త్సునెతోషి దగ్గర చేరాడు. 1882లో ఎయిషోజి గుడిలో 12 చాపల గదిలో కొడోకాన్. అంటే కితో ర్యూ గుమ్మం తొక్కేనాటికి నాలుగేళ్లు తెన్‌జిన్ షిన్‌యో ర్యూలోనే ఉన్నాడు.

విసుర్ల విషయంలో కితో ర్యూ ప్రభావం నిజమే, జూడోలోని కొషికి నో కతా (కతా అంటే వరసగా కట్టిన పట్ల సాధన) ఆ పాఠశాలదే. కానీ తెన్‌జిన్‌లో విసుర్లు లేవనడం అన్యాయం. పైన లెక్కలో నాగెసుతె 20 ఏమిటి మరి? మెడ బిగింపులు, కీళ్ల పట్లు, ఆతెమి ఈ వైపు నుంచి ఎక్కువ వచ్చాయి, అంతవరకు ఒప్పుకుంటా. జూడోలోనే ఉన్న కిమె నో కతా తీసి చూడండి. ఇదోరి 8, తచియాయి 12, మొత్తం 20. కూర్చుని కొన్ని, నిలబడి కొన్ని అన్న ఆ విభజన ఎక్కడిది? #12 మళ్లీ చదవండి.

#25 చెయ్యి_వదులు

ఒప్పుకున్నా. కిమె నో కతా ఇదోరి ఎనిమిదిలో ర్యోతెదోరి, ఉషిరొదోరి అనే పేర్లు కూడా ఉన్నాయి. ఉషిరొదోరి షోదాన్ ఇదోరిలో ఉందని నక్షా గారు పైనే రాశారు. ర్యోతెదోరి కూడా ఆ పదిలో ఉందా?

#26 ఎదో_నక్షా

ఉంది, కొజిరిగాయెషి తర్వాత. పేరు ఒకటైనంత మాత్రాన పట్టు ఒకటే అనుకోకండి. రెండు చేతులూ పట్టుకున్నప్పుడు అనే పరిస్థితికి పెట్టిన పేరది, బయటపడే దారి కాదు. పోల్చాలంటే మూడు చూడండి: చూపు ఎటు, మోకాలు ఏది లేస్తుంది, మొదటి దెబ్బ ఎక్కడ. మూడూ కలిస్తే అప్పుడు ఇక్కడ పెట్టండి.

#27 నీటి_విల్లో

తాతామి గారూ, మొదటి పోస్ట్‌లో కుసాత్సు పక్కన "ఓమి" అని చేర్చండి. లేకపోతే రేపు ఇంకొకరు బుగ్గల ఊరికి టికెట్ తీస్తారు.

#28 తాతామి_పన్నెండు

ఎడిట్ చేసే గడువు దాటిపోయింది, మోడరేటర్‌కి రాశాను.